మేక తిన్న గన్నేరు పువ్వు

మొన్న శ్రీకాకుళం బస్సులో ఒకావిడ ఎండుచేపల గంపతో ఎక్కింది. బస్సంతా ముక్కులకు కొంగులూ రుమాళ్ళూ అడ్డం పెట్టుకుంది. నేనొక్కదాన్నే గుండెల నిండా పీల్చాను. పక్క సీట్లో పెద్దమనిషి నన్ను అనుమానంగా చూశాడు. చూస్తే చూడనీ. ఆ వాసనలోనే నేను పెరిగాను. అమ్మ పోయాక నన్ను సాకిన పక్కింటి పైడమ్మత్త చీరలకీ, దిండుకీ, ఆఖరికి ఆవిడ కలిపిపెట్టే పెరుగన్నానికీ అదే వాసన.

అత్తది చేపల వ్యాపారం. చుట్టుపక్కల సంతలన్నిటికీ ఆవిడ గొంతు తెలుసు. ఎవరి మాటా వినే మనిషి కాదు గానీ, రేపు చేయబోయే పని ఏదైనా మా ఊరి ఒడ్డునున్న అమ్మవారిని అడగకుండా మొదలుపెట్టేది కాదు. తడిపిన గన్నేరు పువ్వును అమ్మవారి రాతి నుదుటికి అంటించి ఎదురుగా కూర్చునేది. కుడివైపు రాలితే సరే, ఎడమవైపు రాలితే వద్దు. "అడిగీసినాక బెంగ అమ్మది, పని మనది" అనేది. వినడానికి ఎంతో భక్తిగా ఉంటుంది. కానీ పక్కన కూర్చుని చూసినదాన్ని నేను.

నేను ఇంటర్ చదివే రోజుల్లో, గంప కోసం బస్సువాళ్ళతో రోజూ తగువు పడలేక, అత్త ఒక పాత ఆటో కొందామనుకుంది. పువ్వు పెట్టింది. ఎడమవైపు రాలింది.

"అమ్మకి ఇనబడనేదే. సముద్రం హోరు ఎక్కువున్నాది" అని ఈసారి గొంతెత్తి అడిగింది. మళ్ళీ ఎడమే. "బెల్లం ముక్క పెట్టనేదు కదా, ఆకలి మీదున్నాది" అని నన్ను బెల్లానికి తరిమింది. నేను తిరిగొస్తూ చూస్తుండగానే, అత్త కళ్ళు మూసుకుని మొక్కుతుంటే, ఎవరిదో మేక గుడిలో దూరి, మూడో పువ్వును నుదుటి మీంచే లాగి నమిలేసింది.

"ఓలమ్మో! ఆ మేక ఏ పక్కనుంచి వచ్చిందే?"

"కుడి పక్కనుంచత్తా."

"మరింకేటి! సెప్పీసింది కదా!"

ఆటో వచ్చింది. వారం తిరక్కుండానే చెడిపోయింది. అత్త ఆటో అమ్మినవాణ్ణి తిట్టింది, మేకని తిట్టింది, అమ్మవారిని మాత్రం ఒక్క మాట అనలేదు.

ఇంటర్ అయ్యాక విజయనగరంలో నర్సింగు సీటు వచ్చిందని నా సెల్లుకి మెసేజి వచ్చింది. వెళ్ళాలని నా ప్రాణం కొట్టుకుపోతోంది. నాన్న వల బాగుచేసుకుంటూ, "నిన్ను పెంచింది మీ అత్త. ఆవిడ సరేనంటేనే ఎల్లు" అనేశాడు. అత్త ఆలోచన వేరు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. గంప నా నెత్తికెత్తి, సంతలన్నీ నాకప్పగించి, నన్ను కళ్ళెదుటే ఉంచుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటోంది. ఊరందరికీ చెప్పేసింది కూడా.

"నువ్వూ నేనూ అనుకుంటే అవుద్దేటి? అమ్మనడుగుదాం పద" అంది.

నేను సీటు మీద ఆశ వదిలేసుకున్నాను. అమ్మవారి మీద నమ్మకం లేక కాదు, అత్త సంగతి తెలిసి. తనకు కావలసిన వైపు రాలేదాకా ఆవిడ గుడి వదలదు.

అత్త పువ్వు అంటించి, "నా పిల్ల నా కాడే ఉంటాదా తల్లీ?" అని అడిగింది. సంతలో అరిచే ఆ గొంతు ఈసారి పక్కనున్న నాకే సరిగా వినబడలేదు. పువ్వు చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా జారి ఎడమవైపు పడింది.

నేను లేచాను.

"ఎక్కడికే?"

"బెల్లానికి. మళ్ళీ అడగవా అత్తా?"

"ఎందుకే? అమ్మకేటి సెవుడా?" అంటూ అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఒక్కసారికే ఇనబడిపోనాది. పద, నీ పెట్టె సర్దుదాం."

దారంతా నన్ను తిడుతూనే ఉంది, నడక బాగాలేదని, జడ వదులుగా ఉందని. నేను ఏడుస్తూ, నవ్వుతూ ఆవిడ వెనకే నడిచాను.

అత్త ఇప్పుడు లేదు. నేను ఆస్పత్రిలో నర్సుని. ఉద్యోగం మారాలన్నా, ఇల్లు మారాలన్నా దేవుడి పటానికి తడి పువ్వు అంటిస్తాను. నాకు నచ్చని వైపు రాలితే, దాచుకోవడం దేనికి, ముందు చుట్టుపక్కల మేక ఉందేమోనని చూస్తాను. ఉండదు. అప్పుడు అత్త మోకాళ్ళు పట్టుకుని లేచిన తీరు గుర్తొస్తుంది. "ఇనబడింది తల్లీ" అని చెప్పి నేనూ లేస్తాను.