ఐదో పాటలో మూడో మగ్గం

చిత్తూరులో మాకు తెలిసిన పళ్ల డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఆదివారం ఆయన ఆసుపత్రికి రోగులు రారు, మేం వెళ్తాం. నెలకో ఆదివారం ముగ్గురం అక్కడ చేరి, మాకు మీసాలూ జడలూ రాకముందే విడిపోయిన ఒక ఇంగ్లీషు రాక్ బ్యాండు పాటలు వింటాం. ఆ బ్యాండు పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లలో సగంమంది ‘ఓస్, వాళ్లా’ అని పేజీ తిప్పేస్తారు, మిగతా సగంమంది వాళ్లకన్నా మావాళ్లే గొప్పని పోట్లాటకొస్తారు. ఈ వయసులో నాకు రెండూ పడవు.

ముగ్గురంటే నేనూ, డాక్టరూ, కొండమీద గాజుల అంగడి పెట్టుకున్న ఒక అన్నా. అన్న తిరుమల నుంచి ఘాట్ రోడ్డు బస్సులో దిగి, తిరుపతిలో నన్ను కలుపుకుని చిత్తూరుకు వస్తాడు. ఆయన పాటలను నిమిషాల్లో కొలవడు, మలుపుల్లో కొలుస్తాడు. ‘ఆ పాట ఇంకా ఏడు మలుపులుండంగా మొదలుపెడితే అలిపిరికి సరిగ్గా అయిపోతాదమ్మా’ అంటాడు. ఆయనకు బ్యాండు మొదటి రెండు ఆల్బమ్‌లే ఇష్టం. ఆ తర్వాత వాళ్లకు డబ్బు వచ్చి పాడైపోయారంటాడు. డాక్టరుకు డ్రమ్ములుంటే చాలు, మాటలేవైనా ఫరవాలేదు. నాకేమో వాళ్ల చివరి ఆల్బమ్‌లో, అభిమానులు కూడా దాటేసి పోయే నిదానపు పాట ఒకటుంది, అదంటే ప్రాణం. నేను దాన్ని పెట్టిన ప్రతిసారీ అన్న లేచి కాఫీకి పోతాడు.

మా సభకు ఒక ఆచారం ఉంది. పాట పెట్టేవాళ్లు పళ్ల డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి పడుకోవాలి. పైన లైటు వేస్తాం. ఆ లైటు వెలుగుతున్నంతసేపూ కుర్చీలో ఉన్నవాళ్లదే మాట, తక్కినవాళ్లు నోరెత్తకూడదు. చెప్పడం అయిపోయాక పక్కనున్న గ్లాసులో నీళ్లు పుక్కిలించి ఉమ్మితే అప్పుడు వాదన మొదలవుతుంది. అన్న ఒకసారి ఒకే గిటారు ముక్క గురించి ముప్పావుగంట చెప్పి, ఉమ్మడం మరిచి లేచిపోయాడు. నిబంధన ప్రకారం మాకు ఆ నెలంతా దాన్ని ఖండించడానికి లేకపోయింది.

ఈ ఆటలో నాకు పెద్దపీట వేసేవాళ్లు. ఎందుకంటే మా ముగ్గురికీ, మాలాంటి ఇంకెంతోమందికీ ఆ బ్యాండును పరిచయం చేసిన క్యాసెట్టు నా చేతిలోంచి బయలుదేరింది. దాంట్లో ఐదో పాట మధ్యలో ఒక డ్రమ్ము చప్పుడు మొదలవుతుంది. టక్, టకా, టక్, ధబ్. కుంటి నడకలాంటి చప్పుడు. పాటను మోసుకుంటూ చివరిదాకా పోతుంది. డాక్టరుకు పదిహేనేళ్ల వయసులో అది చెవిన పడింది. ఆయన అక్క మా హాస్టల్‌లో ఉండేది, నా క్యాసెట్టుకు నకలు తీసుకుపోయింది. ‘ఆ డ్రమ్మరు మనిషి కాదక్కా, దేవుడు’ అని ఆయన ఇప్పటికీ అంటాడు. పంటికి సిమెంటు పెట్టేటప్పుడు కూడా చేతిలోని కడ్డీతో అదే తాళం వేస్తాడని ఆయన దగ్గర పనిచేసే నర్సమ్మ చెప్పింది.

ఆ డ్రమ్మరు మా నాయన. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

మాది నగరి. ఇంట్లో నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు ఉండేవి. మా వీధిలో పిల్లలు మాటలకన్నా ముందు అరుపులు నేర్చుకుంటారు, మామూలుగా మాట్లాడితే ఎవరికీ వినపడదు గనుక. ఊరు నిశ్శబ్దంగా ఉండేది కరెంటు పోయినప్పుడే. నేను డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా మా మేనమామ మద్రాసు నుంచి ఈ బ్యాండు క్యాసెట్టు ఎవరిదో తెచ్చాడు. మరునాటి పొద్దున రైలుకు దాన్ని వెనక్కి తీసుకుపోవాలి. అంటే ఆ ఒక్క పూటలో నకలు తీసుకోవాలి. మా దగ్గరున్న పద్ధతి ఒకటే. రెండు టేప్‌రికార్డర్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకటి పాడుతుంటే ఇంకోటి వినేలా చెయ్యడం. మధ్యలో ఎవరూ దగ్గకూడదు. మగ్గాలు ఆడుతుంటే ఆ మాటే లేదు.

కాబట్టి కరెంటు పోవాలి. ఊరంతా కరెంటు పోతుందని తిట్టుకుంటుంటే నేనొక్కదాన్నే పోవాలని మొక్కుకున్నాను. అరిగిన సెల్లులను మిద్దెమీద ఎండలో పెట్టి, పక్కింటి టేప్‌రికార్డరు అడిగి తెచ్చి సిద్ధంగా కూర్చున్నాను. మూడు గంటలకు కరెంటు పోయింది.

‘నాయనా, కరెంటొచ్చినా పాటలు అయిపోయేదంక మగ్గం ఎత్తుకోవద్దు’ అన్నాను.

‘ఎన్ని పాటలు?’

‘పది.’

‘పదా! పెండ్లిలో మేళగాళ్లు గూడా అంత సేపు వాయించరు గదమ్మే. సూస్తాలే పో.’

నాలుగు పాటలు అద్దంలా ఎక్కాయి. ఐదో పాట సగంలో కరెంటు వచ్చింది. నాయన మూడో మగ్గం ఎత్తుకుని ఆడించడం మొదలుపెట్టాడు. నేను అరిచాను. ‘నాయనా, ఒక్క పాట! ఈ ఒక్క పాట అయిపోనీ!’ ఆయన గోడకు అటువైపు నుంచి, ‘నీ కోసరం మూడు మగ్గాలు ఆపే పెట్టినా, ఒకటే ఎత్తుకున్నా’ అని కేకేశాడు. ఆ పాట అయ్యేదాకా ఆ ఒక్క మగ్గమే ఆడింది. తర్వాత నాలుగూ ఆడాయి. ఇక నేను మిగతా ఐదు పాటల మీద ఆశ వదులుకుని, ఆ రాత్రి అన్నం తినకుండా అలిగాను. మూడు మగ్గాలు ఆపిన సంగతి నా బుర్రకు ఎక్కలేదు. ఒకటి ఆడిందన్నదే ఎక్కింది.

ఆ క్యాసెట్టు తిరుపతి హాస్టల్‌కు తీసుకుపోయాను. నా గదిలో ఉండే పిల్ల ఐదో పాట విని, ‘ఏమే, ఈ డ్రమ్ము బలే ఉండాదే! యాడిది?’ అంది. ఆ పిల్ల చేతికి గడియారం, కాలికి బూట్లు. నేను ఆ ఏడాదంతా మా ఇంట్లో మగ్గాలున్నాయని ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్నాను. మా నాయనది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ‘ఇది లండన్‌లో మాత్రమే విడుదలైన ప్రతి, అందుకే ఐదే పాటలు’ అన్నాను. సిగ్గుపడి చెప్పిన అబద్ధం అది. తర్వాత ఎన్ని అబద్ధాలైనా మరిచిపోయాను గానీ ఇది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఒక అబద్ధం చెబితే దాన్ని మోయడానికి ఇంకో పది కావాలంటారు. నాకు రెండే పట్టాయి. ఫోన్లలో పాటలు వచ్చాక డాక్టరు ఆ పాట వెతికి విన్నాడు. డ్రమ్ము లేదు. ‘అక్కా, ఇదేంది?’ అని ఫోను చేశాడు. నేను తడుముకోకుండా, ‘ఇవి శుభ్రం చేసిన పాటలు కదా, తీసేసుంటారు. మొట్టమొదట అచ్చయిన గ్రామఫోను ప్లేటులో మాత్రమే ఉంటుంది’ అన్నాను. ఆ ప్లేటు ఈ భూమ్మీద దొరకదని నా ధైర్యం. ఆయన పట్టుదల నాకు తెలియదు. పంటి వేరు విరిగిపోయినా వదలకుండా పీకేవాడు, ప్లేటును వదులుతాడా? పాత ప్లేట్లు అమ్మేవాళ్ల వెంట రెండేళ్లు పడ్డాడు.

పోయిన నెల ఒక గురువారం ఫోను వచ్చింది.

‘అక్కా! దొరికింది! బెంగుళూరులో ఒకాయన కాడ. ప్లేటు తిప్పే మిషనూ తెచ్చినా. ఆదివారం వచ్చేయండి. పెద్దాయన పన్ను కదుల్తా ఉందంటివే, ఆయన్నీ తోడుకోని రా, సూసేస్తా.’

పెద్దాయన అంటే మా నాయన. మగ్గాలు పాత ఇనుముకు పోయినప్పటి నుంచి తిరుపతిలో నా దగ్గరే ఉంటున్నాడు. మా ఇల్లు ఆయనకు బాగానే ఉంది గానీ, మరీ సద్దు లేదంటాడు. వాషింగ్ మెషిన్ తిరిగేటప్పుడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. బట్టలకు కాపలా కాస్తున్నాడని నేను నవ్వేదాన్ని.

ఆదివారం బస్సులో నిజం చెప్పడం సాధన చేశాను. కుర్చీలో పడుకుని, లైటు వేయించుకుని, ఎవరూ అడ్డు రాకుండా మొత్తం చెప్పేసి ఉమ్మేద్దామని అనుకున్నాను. డాక్టరు నమ్మకం ఒకటి పోతుంది. నా పెద్దపీటా పోతుంది. రెండోదానికే ఎక్కువ బాధగా ఉందని నాకు నేనే దొరికిపోయాను. నాయన నా వైపు చూసి, ‘పన్ను నాదా నీదా? మొగం అట్ల పెట్టినావే’ అన్నాడు.

తీరా వెళ్తే కుర్చీలో నాయనను పడుకోబెట్టారు. డాక్టరు ఆయన నోట్లో మందు దూది పెట్టి, పది నిమిషాలు అలాగే ఉండమని చెప్పి, ప్లేటు దగ్గరకు పరిగెత్తాడు. ముఖం పెళ్లికొడుకులా ఉంది. అన్న చెప్పులు వదిలేసి నిలబడ్డాడు. ముల్లు దించారు. నాలుగు పాటలు దాటించి ఐదోది పెట్టారు.

పాట సగానికి వచ్చింది. సగం దాటింది. అయిపోయింది. డ్రమ్మరు తన మానాన తను మర్యాదగా వాయించి వెళ్లిపోయాడు. టక్ లేదు, ధబ్ లేదు.

డాక్టరు ఇంకోసారి పెట్టాడు. లేదు. ఆయన ముఖం చూడలేక గోడమీదున్న పళ్ల బొమ్మను చూస్తూ నిలబడ్డాను. ‘నకిలీది అంటగట్టినాడు నాయాలు’ అని ఆయన ఫోను కలిపాడు. ‘వాణ్ణి ఈపొద్దు వదల్ను. అసలు పాట ఎట్లుంటాదో వానికే వినిపిస్తా.’ బీరువాలోంచి పాత క్యాసెట్టు తీసి టేప్‌రికార్డరులో పెట్టాడు. బెంగుళూరులో ఎవరో అమాయకుడు నా మూలంగా తిట్లు తినబోతున్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన మీట నొక్కాడు.

క్యాసెట్టు పాడింది. సగంలో వచ్చింది. టక్, టకా, టక్, ధబ్.

కుర్చీలో నాయన లేచి కూర్చున్నాడు. లైటు తలకు తగిలింది. దూది తీసి పక్కన పెట్టి చెవి ఒగ్గి విన్నాడు.

‘ఎవురిదీ మగ్గం?’ అన్నాడు. తర్వాత తనే, ‘మనదే గదమ్మే. మూడోది. తోలుపట్టీ వదులైపోయి కుంటతా ఉండ్లా? మార్సాల మార్సాల అనుకుంటానే ఉండినా.’

ఫోనులో బెంగుళూరాయన ‘హలో, హలో’ అంటున్నాడు. డాక్టరు నా వైపు చూశాడు. లైటు ఇంకా వెలుగుతూనే ఉంది, కుర్చీలో ఉన్నాయన తప్ప వేరేవాళ్లు మాట్లాడకూడదు. అయినా చెప్పేశాను. కరెంటు పోవడం, రావడం, హాస్టల్, లండన్, శుభ్రం చేసిన పాటలు, అన్నీ. ‘మాది మగ్గాల ఇల్లని చెప్పడానికి సిగ్గుపడ్డాను’ అని కూడా చెప్పాను. ఆ మాట నాయన ముందు చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. ఆయన విన్నాడో లేదో తెలియదు, చెవి టేపు దగ్గరే ఉంది.

అన్న మొదట నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. ఫోను పెట్టేసి, కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి నాయన ముందు నిలబడ్డాడు.

‘ముప్పై ఏండ్లుగా దేవుడని మొక్కుకుంటాండా పెద్దాయనా. వచ్చి నా కుర్చీలోనే నోరు తెరిసినావు. నేనేమో దూది పెట్టి మూసినా’ అన్నాడు. అప్పుడు నవ్వాడు. నవ్వుతూనే నాతో, ‘నీ కత మళ్లా సెప్తా అక్కా. ఆరు నెల్లు నీకు కుర్చీ లేదు’ అన్నాడు. న్యాయమే.

పాట అయిపోయింది. నాయన మళ్లీ పెట్టమన్నాడు. పెట్టారు. మగ్గం మొదలైనచోట కళ్లు మూసుకుని, తొడమీద వేలితో కొట్టుకుంటూ విన్నాడు. మగ్గాలను ఇనుముకు తూకం వేసిన రోజున కూడా ఆయన ముఖం నేను ఇంత దగ్గరగా చూడలేదు. ఉన్నట్టుండి చికాకుగా చెయ్యెత్తాడు.

‘మద్దెలో ఆ అరిసేవాణ్ణి రోంత ఆపండప్పా. మగ్గం ఒక్కటే ఇననీండి.’

ఒక్క పాట కోసం ఆ రోజు నేను అడిగితే ఆయన మూడు మగ్గాలు ఆపాడు. ఇప్పుడు ఆయన అడిగింది చెయ్యడం మా ముగ్గురిలో ఎవరికీ చేతకాలేదు. డాక్టరు లైటు ఆర్పకుండా టేపు వెనక్కి తిప్పాడు.