శాలువా కప్పిన చేతులు

మా వీధిలో ఆయన్ని తలకాయల మాస్టారు అంటారు. ఎదురుగా ఎవరూ అనరు, కానీ ఆ సంగతి ఆయనకూ తెలుసు. పోయినవాళ్ళ ఫోటో తెచ్చిస్తే నూనె రంగులతో పెద్ద బొమ్మ వేసి ఇవ్వడం ఆయన పని. ప్రతి బొమ్మా మొదటి నుంచి వేస్తూ కూర్చుంటే ఇల్లు గడవదు. నూనె రంగు ఓ పట్టాన ఆరి చావదు. అందుకని బేరాలు లేని రోజుల్లో ఒట్టి మొండేలు వేసి ఆరబెట్టుకునేవాడు. కోటు వేసుకున్న మగవాళ్ళు ఆరుగురు, శాలువా కప్పుకున్న ఆడవాళ్ళు ఆరుగురు, భుజాల దాకా వచ్చి ఆగిపోయి, గోడకు ఆనుకుని వరసగా ఉండేవారు. బేరం రాగానే ఒకటి దించి, దాని మీద తల పెట్టి ఇచ్చేవాడు. కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్ మొదటి రోజు లోపలికి తొంగిచూసి, ఉత్తరం గుమ్మంలోనే పడేసి వెళ్ళిపోయాడు.

పక్క కొట్టు నాది. ఫ్రేములు కడతాను. ఆయన వేసిన బొమ్మలన్నీ నా చేతుల మీదుగానే బయటికి వెళ్ళేవి. ఆయన భార్య మొదటి రోజే నన్ను తమ్ముడూ అని పిలిచింది, దాంతో ఆయన నాకు బావ అయిపోయాడు. బావని ఆటపట్టించే హక్కు ఒకరు ఇచ్చేది కాదు, దానంతట అదే వస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా దాన్ని తెగ వాడుకున్నాను. ఒక్కసారి మాత్రం నోరు మూసుకుని ఉండాల్సింది. ఆ ఒక్కసారి గురించే ఇదంతా.

బావ చిత్రకళ చదువుకున్నవాడు. కాలేజీలో ఉన్నప్పుడు మెస్సులో గిన్నెలు తోమే ముసలాయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసిన బొమ్మకు బహుమతి కూడా వచ్చింది. ప్రాణమున్న మనిషిని చూసి వెయ్యడమంటే ఆయనకు పిచ్చి. కూర్చున్న మనిషి మొదట్లో బిగుసుకుపోతాడు, కాసేపటికి విసుగొస్తుంది, భుజాలు జారిపోతాయి, తనను ఎవరో చూస్తున్నారన్న సంగతే మరిచిపోతాడు. అదిగో, అప్పుడు వెయ్యాలి అనేవాడు. పెళ్ళయిన కొత్తలో అక్కయ్య మిషన్ మీద బట్టలు కుట్టి ఇల్లు నడుపుతుంటే, ఈయన పొద్దున్నే రైల్వే స్టేషన్‌కు పోయి బెంచీల మీద కూర్చున్నవాళ్ళని గీసుకొచ్చేవాడు. అవి కొనే నాథుడు లేడు. కూతురు పుట్టాక అక్కయ్యకు నడుం నొప్పి పట్టుకుని మిషన్ పని సగానికి సగం తగ్గిపోయింది. అప్పుడు తెరిచాడు ఈ కొట్టు. ఒక్క ఏడాది ఈ పని చేసి, నాలుగు డబ్బులు వెనకేసుకుని, ఆ తర్వాత నా బొమ్మలు నేను వేసుకుంటానన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. నిజంగానే అన్నాడు, నిజంగానే అనుకున్నాడు కూడా.

మొండేల్లో ఒక కిటుకు ఉంది. ఒక్కదానికీ చేతులు ఉండవు. ముఖం వెయ్యడానికి రెండు రోజులు పడితే, చేతులకు నాలుగు రోజులు పడుతుంది. పైగా తెచ్చే ఫోటోల్లో సగం గుర్తింపు కార్డులకు తీయించుకున్నవే. వాటిలో చేతులు ఉండవు, ఉన్నా ఎవరూ అడగరు. అందుకని ఆడవాళ్ళకు శాలువా, మగవాళ్ళకు కోటు జేబులు. మీ కస్టమర్లందరికీ చలి జ్వరమా బావా అని ఎగతాళి చేస్తే, చేతులు వేస్తే నీకు ఫ్రేము డబ్బులు కూడా మిగలవురా అనేవాడు.

ఏడాది అనుకున్నది పదిహేడేళ్ళయింది. ఆ ఏడు ఒక ఆదివారం బావ మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కాన్వాసు తెచ్చి కిటికీ పక్కన నిలబెట్టి, అక్కయ్యను కుర్చీలో కూర్చోమన్నాడు.

"నేనింకా పోలేదు కదండీ," అంది అక్కయ్య.

"అందుకే వేస్తానంటున్నాను," అన్నాడు.

ఇది నాకు నేను వేసుకునే బొమ్మ, అమ్మను, ఎవరికీ ఇవ్వను, హాల్లో పెట్టుకుంటాను అని నాతో చెప్పాడు. పదకొండు ఆదివారాలు కూర్చుంది అక్కయ్య. ముఖం ఆఖరున వేస్తానన్నాడు. ముఖం ముందు వచ్చేస్తే మిగతాదంతా బద్ధకంగా వేస్తానని ఆయన భయం. కుర్చీ వచ్చింది, ఇంట్లో కట్టుకునే పాత బట్టలు వచ్చాయి, తర్వాత చేతులు వచ్చాయి. శాలువా లేదు. ఒళ్ళో ఒక చెయ్యి మీద ఒక చెయ్యి. ఏళ్ళ తరబడి సూది గుచ్చుకుని చూపుడు వేలి కొన కాయ కట్టింది, ఊరికే కూర్చున్నప్పుడు దాన్ని బొటన వేలితో రాసుకోవడం ఆమె అలవాటు. ఆ రాసుకోవడం బొమ్మలో ఉంది. చూస్తుంటే ఆ వేలు ఇప్పుడు కదులుతుందేమో అనిపించేది. బావని పొగడటం నాకు చేతకాదు. ఆ రోజు మాత్రం ఏమీ అనకుండా కొట్టుకు వెళ్ళిపోయి చాలాసేపు పని చెయ్యలేకపోయాను.

ముఖం ఉండాల్సిన చోట బొగ్గుతో లేతగా గీసిన గీతలు మాత్రం ఉన్నాయి. తల కొంచెం కిటికీ వైపు తిరిగి ఉంటుంది. మరో రెండు మూడు ఆదివారాలు చాలన్నాడు.

ఆ సోమవారమే బేకరీ ఆవిడ వచ్చింది. వాళ్ళమ్మ ఒక్క పొయ్యితో మొదలుపెట్టిన బేకరీ అది. ఆ తల్లి పోయి ఏడాదయింది. శుక్రవారం పెద్ద వీధిలో కొత్త కొట్టు తెరుస్తున్నారు, కౌంటరు వెనక గోడ మీద అమ్మ బొమ్మ పెద్దది ఉండాలి, నాలుగడుగులకు తగ్గకూడదు. చేతిలో ఉన్నది తపాలా బిళ్ళంత ఫోటో. మొండేలు అన్నీ రెండడుగులవే. కొత్తది వేస్తే శుక్రవారానికి ఆరదు. కుదరదమ్మా అన్నాడు బావ. ఆవిడ మామూలు ధరకు మూడింతలు ఇస్తానంది. సరిగ్గా ఆ వారమే కూతురికి కాలేజీలో సీటు వచ్చింది. శనివారం లోపల ఫీజు కట్టకపోతే సీటు వేరేవాళ్ళకు పోతుంది. ఎవరిని అడగాలా అని మొగుడూ పెళ్ళాలు రెండు రోజులుగా తల పట్టుకుని ఉన్నారు.

ఆ కొట్టు మొత్తంలో అంత పెద్దదీ, ఆరిపోయినదీ ఒక్కటే ఉంది. బావా, అక్కయ్యా, ఆవిడా, నేనూ, నలుగురం దాని వైపే చూశాం. నేనే అన్నాను.

"ఇందులో ఆలోచించడానికేముంది బావా? అక్కయ్య ఎక్కడికి పోతుంది? మళ్ళీ కూర్చోబెట్టుకో."

బావ అక్కయ్య వైపు చూశాడు. ఆమె వద్దంటే ఆగిపోయేవాడని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తుంది. ఆమె కూడా ఆయన వద్దంటాడనే చూసి ఉంటుంది. పోనీలెండి, పిల్ల సీటు ముఖ్యం అంది. నేను మాత్రం అప్పటికే టేపు తీసి కొలుస్తున్నాను. నాలుగడుగుల ఫ్రేము, అంచులకు చెక్కుడు పని. అంత పెద్ద బేరం నాకు ఆ ఏడాదిలో అదే. నిజం దాచుకుని లాభం లేదు, ఆ మాట నాతో అనిపించింది స్నేహం ఒక్కటే కాదు.

బావ గుడ్డ ముక్క తీసుకుని బొగ్గు గీతలు తుడిచేశాడు. నాలుగు రోజుల్లో బేకరీ అమ్మ ముఖం ఆ మెడ మీదికి వచ్చింది. ఫోటోలో ఆవిడ ఎదురుగా చూస్తోంది, కింద మనిషేమో కిటికీ వైపు తిరిగి ఉంది, దాంతో మెడ దగ్గర ఏదో పట్టేసినట్టు కనిపించేది. గంటల తరబడి ఆ మెడతో కుస్తీ పట్టి, చివరికి కాస్త నీడ పెట్టి సర్దేశాడు. శుక్రవారం పొద్దున వ్యానులో ఎక్కించాం. వ్యాను మలుపు తిరిగేదాకా అక్కయ్య గుమ్మంలో నిలబడి, తర్వాత లోపలికి పోయి మిషన్ తొక్కుకుంది. కూతురు కాలేజీలో చేరింది.

మర్నాడే బావ అదే కొలతకు కొత్త కాన్వాసు తెచ్చాడు. కిటికీ పక్కన పెట్టాడు. ఈలోగా ఊళ్ళో సగం మంది బేకరీకి పోయి ఆ బొమ్మ చూశారు. ఎవరు వేశారని అడిగి మా వీధి వెతుక్కుంటూ వచ్చారు. అలాంటిదే కావాలి అనేవారు. బావ శాలువావి ఇచ్చేవాడు, వాళ్ళు సంతోషంగానే తీసుకుపోయేవారు. బేరాలు ఎంత పెరిగాయంటే ఆదివారాలు కూడా చాలేవి కావు. ఈ నెల గడవనీ, ఈ ఫీజు కట్టనీ అంటుండగానే కాన్వాసు మీద దుమ్ము పట్టింది. తిరగేసి గోడ వైపు పెట్టాడు. తర్వాత దానికి గొడుగు తగిలించడం మొదలుపెట్టారు. పెద్ద వీధి వైపు పని పడితే బావ వెనక సందు చుట్టుకుని పోయేవాడు. తొమ్మిదేళ్ళు ఆ బేకరీ గుమ్మం తొక్కలేదు.

కిందటి ఏడు కూతురు ఉద్యోగంలో స్థిరపడి, నాన్నా, ఇక చాలు, మీ బొమ్మలు మీరు వేసుకోండి అంది. బావ ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు కొత్త బేరాలు మానేశాడు. గొడుగు తీసి కాన్వాసు తిప్పాడు. అక్కయ్యను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. నేను రోజూ ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. నా తప్పు సరిదిద్దుకున్నట్టే అయిందని లోలోపల సంబరపడ్డాను.

రెండు నెలలు వేశాడు. బొమ్మ వచ్చింది, కానీ అది మాకు తెలిసిన బొమ్మే. బుగ్గలు నున్నగా, కళ్ళ కింద ముడతలు సర్దేసి, పెదవుల మీద ఆ పన్నెండు మొండేల మీదా పెట్టే చిన్న నవ్వు. ఎదురుగా కూర్చున్న అక్కయ్య ముఖంలో ఆ నవ్వు లేదు. గీకేసి మళ్ళీ వేశాడు, మళ్ళీ అదే నవ్వు వచ్చింది. చేతులైతే అసలు రాలేదు, వేళ్ళు వాచినట్టు, గ్లవ్స్ తొడిగినట్టు వచ్చాయి. ఒకరోజు అక్కయ్య కూర్చునే ఉంది, ఈయన కుంచె పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు. తర్వాత శాలువా వెయ్యడం మొదలుపెట్టాడు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

సాయంత్రం నా కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళూ ఫోటోలు చూసి చూసి, మనిషిని చూడటం మరిచిపోయానురా," అన్నాడు.

చేతిలో ఉన్న ఫ్రేము పక్కన పెట్టాను. ఆయనే అన్నాడు, ఒక్కసారి ఆ పాత బొమ్మ చూసొద్దాం, అప్పుడెలా వేశానో చూస్తే చెయ్యి తిరుగుతుందేమో అని.

మర్నాడు వెళ్ళాం. బేకరీ ఆవిడ జుట్టు నెరిసింది, కానీ బావని వెంటనే గుర్తుపట్టింది. కౌంటరు తలుపు తీసి లోపలికి రమ్మంది, బొమ్మ ముందు మా ఇద్దర్నీ నిలబెట్టింది. నా ఫ్రేము కాస్త రంగు పోయింది. అక్కయ్య చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. బొటన వేలు చూపుడు వేలిని రాస్తూనే ఉంది. బావ ఎక్కడికీ కదలకుండా వాటినే చూస్తున్నాడు.

"ఏమీ అనుకోకండి, ముఖం అంతగా రాలేదు మాస్టారూ," అంది ఆవిడ. "చేతులు మాత్రం మా అమ్మవే. పిండి పిసికి పిసికి వేళ్ళు కాయలు కాసేవి, కోపం వస్తే ఇలాగే రాసుకుంటూ కూర్చునేది. రోజూ కొట్టు తెరవగానే ఆ చేతులే చూస్తాను. ఫోటోలో ముఖమే కదా ఉంది, చేతులు మీకెలా తెలిశాయి?"

బావ నోరు తెరిచాడు. చెప్తాడనుకున్నాను.

"అలవాటు మీద వచ్చేశాయమ్మా," అన్నాడు.

ఆవిడ డబ్బు తీసుకోకుండా రెండు రొట్టెలు పొట్లం కట్టి ఇచ్చింది. అవి పట్టుకుని తిరిగొచ్చాం. ఇంట్లో అక్కయ్య మిషన్ దగ్గర ఉంది. పొట్లం మీద అచ్చేసిన పేరు చూసి, ఎక్కడికి వెళ్ళొచ్చారని అడగలేదు. బావ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ఆవిడ ఏమడిగిందో, తాను ఏమన్నాడో దాచకుండా చెప్పాడు.

అక్కయ్య కుట్టే బట్ట పక్కన పెట్టింది.

"నేను నెలకోసారి వెళ్తుంటాను," అంది. "నేనెవరో ఆవిడకి తెలీదు. వచ్చినవాళ్ళందరికీ ఆ చేతులు చూపిస్తుంది, నాకూ చూపించింది. అవి నావేనమ్మా అని నేనెలా చెప్పను? మీరు ఎప్పుడో ఒకరోజు వెళ్తారు, మీరు చెప్తారులే అనుకున్నాను."

బావ లేచాడు. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తానన్నాడు. చెప్పులు కూడా వేసుకున్నాడు.

"వద్దండీ," అంది అక్కయ్య. "అడిగినప్పుడు చెప్తే అది జవాబు. ఇప్పుడు పనిగట్టుకుని వెళ్ళి చెప్తే, ఆవిడ దగ్గర్నుంచి వాళ్ళమ్మ చేతులు లాక్కున్నట్టే. ఆవిడేం పాపం చేసింది?"

నన్ను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. రొట్టె కోసి ముగ్గురికీ పెట్టింది, తిన్నాం. ఆ ఆదివారం కిటికీ పక్కన కూర్చోమని బావ అడగలేదు, కూర్చుంటానని అక్కయ్యా అనలేదు.