ఔటర్‌లో ఆగిన బండి

కింది ఫ్లాట్‌లో ఎవరో పసిబిడ్డకు స్నానం చేయిస్తున్నారు. బకెట్ అంచుకు చెంబు తగిలిన చప్పుడు, నీళ్ళు ఒలికిన చప్పుడు, వెంటనే ఏడుపు. భవానీపూర్‌లో గోడలు పలుచన, అన్నీ వినిపిస్తాయి. ఆ ఏడుపు హఠాత్తుగా ఆగినప్పుడల్లా నాకు హౌరా పక్కన లిలువాలో ఒకప్పటి మా పక్కింటి సత్యవతి మామ్మగారు గుర్తుకు వస్తారు. ఆమె భర్త రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. పుట్టిల్లు పలాస. పెళ్ళయి లిలువా వచ్చినా మాటలో పలాస పోలేదు. వీధిలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, తెలుగువాళ్ళయినా బెంగాలీలయినా, కాళ్ళు చాపి బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుని మొదటి నెలల్లో నీళ్ళు పోసేది ఆమే.

మా పాప ఆమె కాళ్ళ మీద నవ్వేది, నా చేతుల్లో ఏడ్చేది. నేను ఇంజినీరుని, అప్పుడు ఇంటి నుంచే పనిచేస్తున్నాను. నా భార్య సుజాత సెలవు అయిపోవచ్చింది, బ్యాంకుకు వెళ్ళాలి. ఆలోగా పాప నాకు అలవాటు పడకపోతే విజయవాడలో సుజాత వాళ్ళమ్మ దగ్గర దింపి రావాలని అనుకున్నాం. టికెట్లు కూడా తీసుకున్నాం. ఆ సంగతి విన్న మామ్మగారు జాలిపడలేదు. రేపటి నుంచి నన్నే పీట మీద కూర్చోమన్నారు.

నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. నూనె, సున్నిపిండి, వేణ్ణీళ్ళు, తువ్వాలు, అన్నీ వాడే వరుసలో కుడిచేతి వైపు పెట్టుకున్నాను. మామ్మగారు నలుగు పెట్టేటప్పుడు ఒక రైలు నడిపేవారు. ఆమె రెండు వేళ్ళే బండి. పాప పాదం హౌరా, మోకాలు ఖరగ్‌పూర్, గడ్డం కింద పలాస. అక్కడికి చేరగానే కితకితలు. నేను కూడా నడిపాను. పాప మోకాలి దగ్గరే ఏడుపు అందుకుంది. మామ్మగారు చేసి చూపించారు. భద్రక్ అయ్యాక బాలేశ్వర్ అన్నారు. బాలేశ్వరే ముందు వస్తుందని నేను చెప్పాను.

"నువ్వేటి, టీసీవా?" అన్నారు ఆమె, తల ఎత్తకుండానే.

మర్నాడు నేను ఒక్క స్టేషనూ తప్పకుండా, ఎక్కడా ఆగకుండా పలాస చేర్చాను. పాప ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. మామ్మగారు గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"ఏటి ఇంజినీరుబాబూ, పిల్లకి పరీచ్చ పెడతన్నావా? టైముకెల్లిపోయే బండిని ఎవులు సూస్తారు? టేసను రాకముందే ఔటర్లో ఆపు. ఆగితేనే కదా కిటికీలోంచి తలెట్టి సూసేది."

ఎంతసేపు ఆపాలని అడిగాను. ఆమె కాయలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

సుజాత పనిలో చేరడానికి ముందు రోజు, బొడ్డు కిందికి రాగానే వేళ్ళు ఆపేశాను. సిగ్నల్ లేదన్నాను. పాప పెదవి వంకర తిరిగింది. బండి కదులుతున్నంతసేపు పాప నా చేతిని చూసేది. చెయ్యి ఆగాక, ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి నా ముఖం చూసింది. అంతకు ముందు అలా చూసిన గుర్తు నాకు లేదు. నేనూ కదలలేదు. కాసేపటికి పాప నా వేలు పట్టుకుని తన పొట్ట మీదికి లాక్కుంది, కిలకిలమంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న సుజాత ఆ సాయంత్రమే టికెట్లు రద్దు చేసింది.

మేము భవానీపూర్ వచ్చేశాక, కిందటి చలికాలంలో మామ్మగారు పోయారు. ఆ కబురు ఆఫీసులో ఉండగా తెలిసింది. నా వృత్తిలో ఆలస్యం లోపమే. ఇప్పటికీ అలాగే లెక్కవేస్తాను. పాప విషయంలో మాత్రం వేరే కొలత వాడతాను. పాప ఇప్పుడు బడికి వెళుతోంది. పొద్దున ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని, గుమ్మంలో ఆగిపోతుంది. కింద వ్యాను హారన్ కొడుతూ ఉంటుంది. నేను తొందరపెట్టను, పాప ముఖం చూస్తూ నిలబడతాను.