ఇంగ్లీషులో వేసిన నింద

మునిశేఖర్ పదో తరగతి తప్పిందే ఇంగ్లీషులో. అయినా బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాక అతని నోట ఇంగ్లీషు మాటలకు కొదవ లేకుండా పోయింది. చిత్రమేమిటంటే అవన్నీ ఒక్క జాతి మాటలే. బైపాస్, స్కిప్, షార్ట్‌కట్, అడ్జస్ట్. రూలు పాటించడానికి ఒక్క ముక్క రాదు గానీ, దాని పక్కనుంచి జారుకోవడానికి మాత్రం నిఘంటువంతా కంఠతా వచ్చు. చేతి తొడుగులు లేవా, అడ్జస్ట్. మిషను కడిగే టైము లేదా, స్కిప్. తోటివాళ్లు ‘బైపాస్ శేఖర్’ అంటే బిరుదు ఇచ్చినట్టు మురిసిపోయేవాడు, మహానుభావుడు!

గుజ్జు తీసే మిషనుకు మూత ఉంటుంది. మూత తెరవగానే మిషను దానంతటదే ఆగేలా ఒక స్విచ్చు ఉంటుంది. సీజనులో కాయల లారీలు గేటు బయట బారులు తీరి ఉంటే, తొక్క ఇరుక్కుని మూత తీసిన ప్రతిసారీ మిషను ఆగడం ఎవరికి ఇష్టం? మునిశేఖర్ ఆ స్విచ్చును నొక్కిపెట్టి టేపు చుట్టేశాడు. మూత తీసినా ఇక మిషను ఆగదు. మేనేజరు చూసి భుజం తట్టాడు.

ఆ సంగతి సుజనకు ఎవరూ చెప్పలేదు. సీజను పనికి వచ్చిన పిల్ల. మూత తీస్తే మిషను ఆగుతుందని మొదటిరోజు ఆమెకు నేర్పిందే మునిశేఖర్. ఆ నమ్మకంతోనే తొక్క తీద్దామని మూత ఎత్తి చెయ్యి పెట్టింది. చుట్టూ ఉన్న రొదలో లోపల ఇంకా తిరుగుతోందని తెలియలేదు. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

విచారణకు అధికారి వచ్చేలోపే మునిశేఖర్ టేపు పీకి పారేశాడు. ఏం జరిగిందని అడిగితే, ఆ అమ్మాయి ప్రొసీజర్ స్కిప్ చేసింది సార్ అన్నాడు. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! అది నిలబడితే తప్పంతా సుజనదే అవుతుంది, ఫ్యాక్టరీ చేతులు దులుపుకుంటుంది. ఆ రోజునుంచి అతనికి ముద్ద దిగలేదు.

చివరికి పండ్ల సంచీ పట్టుకుని చిత్తూరు ఆసుపత్రికి పోయాడు. ముఖం చెల్లక మంచం కాళ్లవైపే నిలబడ్డాడు. సుజనే స్టూలు చూపించి కూర్చోమంది.

“ఆ ఆఫీసరు నిన్న ఈడికి వచ్చినాడన్నా. నేనేందో స్కిప్ చేసినానని నువ్వు చెప్పినావంట. యూట్యూబులో యాడ్ వస్తే నొక్కుతామే, నాకు ఆ స్కిప్పే తెలుసు. మిషను కాడ నేనేం స్కిప్ చేసినానన్నా?”

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మునిశేఖర్‌కు తల కొట్టేసినట్టయింది.

“నువ్వేం చెయ్యలేదు మా. ఆగాల్సిన మిషను ఆగకుండా కట్టేసింది నేను. తప్పు నీ మీద వేసినాను.”

సుజన కట్టు కట్టిన చెయ్యి చూసుకుంది. తర్వాత అడిగింది.

“మరి ఆయప్పకు ఇంగ్లీషులో ఏమిటికి చెప్పినావన్నా?”

“తెలుగులో అయితే నోరు రాదు మా.”

ఆమె తలగడ కింద తడిమి ఫోను తీసింది. ఎడమచేత్తో తడబడుతూ అధికారి ఇచ్చిపోయిన నంబరు కలిపి అతని చేతికిచ్చింది.

“ఇప్పుడు వచ్చింది గదన్నా. చెప్పు.”