సుత్తి కింద పెట్టిన రాయి

2022 వానాకాలం. విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడ మీదున్న రత్నపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. జియాలజీలో ఎమ్మెస్సీ చేసి, తర్వాత జెమాలజీ నేర్చుకున్నాను. మా దగ్గరికి ఎక్కువగా ఉంగరాల రాళ్లే వస్తాయి. వానలు పడ్డాక మాత్రం చేలల్లో, గ్రావెల్ కుప్పల్లో ఏరిన రాళ్లు కొంగున కట్టుకుని వస్తారు. దాదాపు అన్నీ క్వార్ట్జే, అంటే పలుగురాయి.

ఆ రోజు పాపకు జ్వరం. భుజాన వేసుకుని సిరప్ పడుతుంటే ఫోన్ మోగింది. కంకిపాడు నుంచి మరియమ్మ అనే కూలీ. ప్లాట్లు మెరక చేయడానికి ఒకప్పుడు వజ్రాలు దొరికిన పరిటాల వైపు నుంచి తోలిన గ్రావెల్‌లో శనగగింజంత మెరిసే రాయి దొరికిందట.

"వజ్రమో కాదో ఇంటికాడే తెలిసే మార్గం ఏవన్నా ఉందాండీ? బెజవాడ రావాలంటే ఆ రోజు కూలి పోద్ది."

"వజ్రమంత గట్టిది ఇంకోటి లేదమ్మా. దాన్ని ఏ రాయీ గీయలేదు. తీసుకురండి, చూస్తాను" అన్నాను. పాప ఏడుపు అందుకుంది. ఫోన్ పెట్టేశాను.

మూడోరోజు ఆమె భర్త దానియేలుతో వచ్చింది. టేబుల్ మీద కాగితం పొట్లం విప్పింది. అందులో పెద్ద ముక్క బియ్యపు గింజంత. మిగతావి ఉప్పురవ్వంత.

"సుత్తితో కొట్టినా పగలనిదే వజ్రమని మావోళ్లంటారండీ. మీరు కూడా గట్టిదన్నారు కదా అని..."

"నేను వద్దంటే పిరికోడివన్నావు" అన్నాడు దానియేలు.

"మెల్లిగా తట్టమన్నాను. రోడ్డుకి కంకర కొట్టినట్టు కొట్టమన్నానా?"

నా వైపు తిరిగింది. "పగిలిందిగా, ఇది వజ్రం కాదు కదండీ? కాదని చెప్పండి, ఎల్లిపోతాం."

తమ రాయి వజ్రం కావాలని వచ్చేవాళ్లనే చూశాను. కాకూడదని వచ్చింది ఆమె ఒక్కతే. కూతురి నర్సింగ్ చదువు ఆ రాయి మీదే పెట్టుకున్నామని దానియేలు మెల్లగా చెప్పాడు.

లెన్స్‌లో చూశాను. పగిలిన ముఖాలు మెట్లు మెట్లుగా, నున్నగా ఉన్నాయి. వాటిని క్లీవేజ్ అంటాం. క్వార్ట్జ్ అలా చీలదు. వేడి ఎంత వేగంగా పాకుతుందో చెప్పే డైమండ్ టెస్టర్ ఆనించాను. వజ్రమేనన్నట్టు బీప్ మంది.

వంద కిలోమీటర్లకు పైగా లోతున పుట్టి, పైకి వచ్చి, ఏటి నీళ్లలో గులకరాళ్లతో దొర్లి కూడా నిలిచిన రాయి అది. హార్డ్‌నెస్ అంటే గీతకు లొంగకపోవడం. దెబ్బకు ఓర్చుకోవడం వేరు, దాన్ని టఫ్‌నెస్ అంటాం. వజ్రానికి మొదటిది ఉన్నంతగా రెండోది లేదు.

క్వార్ట్జ్ అనేస్తే ఆ ఇద్దరూ నిశ్చింతగా వెళ్లిపోయేవాళ్లు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"వజ్రమేనమ్మా. పెద్ద ముక్కలో కూడా పగుళ్లున్నాయి. సానకు నిలవదు."

దానియేలు తన చేతులకేసి చూసుకున్నాడు. మరియమ్మ పొట్లం మడిచింది.

"కొట్టొద్దని ఆ ఫోన్‌లో ఒక్క మాటనాల్సిందండీ."

సుత్తి నమ్మకం నాకు కొత్త కాదు. ఎందరో చెబితే విని, నవ్వుకున్నాను కూడా.

ఇప్పుడు రాయి గురించి ఎవరు ఫోన్ చేసినా, ఏ ఊరని అడగకముందే "కొట్టకండి" అంటాను. ఒక్కోసారి అవతలివాళ్లు ఏమీ మాట్లాడరు. అప్పటికే కొట్టేశారని నాకు తెలిసిపోతుంది.