మా యారాలు విప్పిన స్వెటరు

మొన్న మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చి, ఫోనులో ఒక స్వెటరు బొమ్మ చూపించింది. రెండే రంగులు. దూరం నుంచి చూస్తే పాతకాలపు ఇంటి గచ్చులా ఉంది. దాన్ని మొజాయిక్ అల్లిక అంటారట. ఎక్కడెక్కడి ఆడవాళ్లో ఒక గుంపు కట్టి, ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఒకే డిజైను అల్లి, బొమ్మలు పెట్టుకుంటారట. బొమ్మ కింద అంతా పొగడ్తలే. నాకు నవ్వొచ్చింది. ఆ అల్లికను నేను అరవై ఏళ్ల కిందట బోధన్‌లో మరో ఏడుగురు ఆడవాళ్ల మధ్య కూర్చుని నేర్చుకున్నాను. ఆ ఏడుగురిలో ఒక్కరు ఇంకొకర్ని మెచ్చుకున్న గుర్తు నాకు లేదు. ఒకామె అల్లింది చూసి మరొకామె, "పర్లేదు తియ్" అంటే అదే పెద్ద బహుమానం. అలాగని మానుకున్నామా అంటే, మధ్యాహ్నం గిన్నెలు కడగడం ఆలస్యం, ఉన్ని సంచి చంకన పెట్టుకుని పరుగే.

నాది మాక్లూరు. మెట్రిక్ పాసయిన ఏడాదే పెళ్లయి బోధన్ వచ్చాను. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే రోజుల్లో ఊరంతా పాకం వాసన. తెల్లవారితే ఆరేసిన బట్టల మీద సన్నటి నల్లటి నుసి. బండ్లు బారులు తీరి ఉంటే ఎడ్ల మెడల గంటలు వింటూనే వంట చేసుకునేవాళ్లం. అత్త లేని ఇల్లు. మామ ఆయాసం మనిషి, అరుగు మీది మంచమే ఆయన లోకం. ఇంటి పెత్తనమంతా నా భర్త అన్నగారి భార్యది, అంటే మా యారాలిది. ఆమె ఎడపల్లి రైతుల బిడ్డ. ఏడేళ్లు పెద్దది, పొడగరి, మాట కట్టె విరిచినట్టు ఉండేది. నేను గుమ్మంలో అడుగుపెట్టిన నాడే నన్ను కిందికీ మీదికీ చూసి, "సదువుకున్నదట గదా. బియ్యం ఏరుడు వచ్చా మరి?" అంది. నాకు రాదు. వారం రోజులు అందరి పళ్ల కింద రాళ్లు పడ్డాయి. ప్రతి రాయికీ ఆమె నా ముఖం చూసేది. నా పేరు ఎన్నడూ పలకలేదు. "ఓ మాక్లూరామె" అనే పిలుపు.

చైనాతో యుద్ధం వచ్చిన చలికాలం, జవాన్ల కోసం స్వెటర్లు అల్లాలని ఊళ్లో ఆడవాళ్లు పూనుకున్నారు. మా వీధి చివర ఒక ముసలమ్మ ఉండేది, అందరికీ ఆమె ఖాలా, అంటే పిన్ని. భర్త పోయాక కుట్లు, అల్లికలతోనే పిల్లల్ని పెంచిన మనిషి. ఆమె వరండాలో చాప పరిచి మా అందరికీ సలాయిలు పట్టుకోవడం నేర్పింది. సలాయిలంటే అల్లే సూదులు. ఖాకీ ఉన్ని అయిపోయింది, యుద్ధమూ అయిపోయింది, మా చేతుల దురద మాత్రం పోలేదు. అప్పుడు ఖాలా తన పెట్టెలోంచి రెండు రంగుల మఫ్లరొకటి తీసింది. వాళ్ల వరండా కిటికీకి ఉన్న రాతి జాలీ ఎలా ఉందో, అచ్చం అలాగే ఉంది దాని మీది అల్లిక. ఇన్ని గీతలు ఎలా తిప్పారో అని మేం నోళ్లు తెరిస్తే ఆమె నవ్వింది. "కష్టం ఏం లేదు బేటీ. చేతిల ఎప్పుడూ ఒక్కటే దారం. ఒక రంగుతోని పోయి రా. గప్పుడు రెండో రంగు పట్టు. కింది రంగు యాడ కనపడాల్నో ఆడ కుట్టు అల్లకు. గీ సలాయి మీదికెల్లి గా సలాయి మీదికి జార్చెయ్యి. బస్."

చెప్పినంత తేలికే. ఎక్కడ జార్చాలో గుర్తుంచుకోవడమే చావు. ఖాలా లెక్కంతా నోట్లో ఉర్దూలో గొణుక్కునేది. నేను నా పాత లెక్కల పుస్తకంలోంచి గళ్ల కాగితం చింపి, ఆమె మఫ్లరు చూసి ఒక్కో కుట్టుకు ఒక్కో గడి నింపి, పక్కన వరుస అంకెలు వేశాను. అందరూ నకళ్లు అడిగారు. పెళ్లయి వచ్చాక నన్ను ఒకరు ఏదైనా అడగడం అదే మొదలు. నాకు కొంచెం కొమ్ములు మొలిచాయన్న మాట నిజం. మా యారాలు మాత్రం కాగితం ముట్టలేదు. ఆమెకు అక్షరం రాదు, అంకె రాదు. కిటికీకి ఎదురుగా కూర్చుని, జాలీ వైపు ఒకసారి, సలాయి వైపు ఒకసారి చూస్తూ అల్లేది. నా కాగితం వైపు మూతి తిప్పి, "కండ్లుండంగ కాగితమెందుకో" అనేది. ఆమె పని మా అందరికన్నా శుభ్రంగా ఉండేది. అది నాకు ఒళ్లుమంట.

మరుసటేడు మా తమ్ముడికి ఉత్తరాదిన రైల్వేలో ఉద్యోగమొచ్చింది. అక్కడి చలి గురించి విని, వాడికి తెలుపూ ముదురెరుపూ కలిపి స్వెటరు మొదలుపెట్టాను. జానెడు లేవగానే మా యారాలు వంగి చూసి, "ఐదో వరుసల తప్పువోయింది. ఇప్పు" అంది. నేను కాగితం తీసి గడి గడీ సరిచూసుకున్నాను. సరిగ్గానే ఉంది. "నీకు ఓర్వబుద్ధి గాక అంటున్నవ్" అన్నాను. ఆమె మళ్లీ రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. రెండు నెలలు అల్లాను. తమ్ముడు రైలెక్కడానికి మూడు రోజులుందనగా, మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నా మంచం పక్కన రెండు ఉన్ని ఉండలు, గుండ్రంగా, చక్కగా చుట్టి ఉన్నాయి. స్వెటరు లేదు. ఆమె గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది: "సూస్తె కండ్లు గుంజుతున్నయ్. గసొంటిది తొడుక్కోని పోరడు నలుగుర్ల తిరుగుతడా? మల్ల అల్లు."

మా తమ్ముడు నిజామాబాద్ స్టేషన్లో నా పాత శాలువా కప్పుకుని రైలెక్కాడు. వాడు పాపం నవ్వుతూనే ఉన్నాడు. నేను బస్సులో బోధన్ దాకా పళ్లు కొరుక్కుంటూ వచ్చాను.

మర్నాడు ఖాలా వరండాలో అందరూ చేరాక, నేను గళ్ల కాగితం తీసి మా యారాలి చేతికిచ్చాను. "గింత తెలిసినదానివి గదక్కా, తప్పు యాడుందో గీ కాగితం సదివి చెప్పు" అన్నాను. కాగితాన్ని తలకిందులుగా ఇచ్చాను. కావాలనే ఇచ్చాను. ఆమె తీసుకుంది. కాసేపు చూసింది. తలకిందులుగానే చూసింది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ఖాలా ఒక్కతే, "చుప్!" అని అరిచింది. మా యారాలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చాప మీద పెట్టింది. సలాయిలు సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. ఆ నడకలో తొందర లేదు.

ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. ఒకే పొయ్యి, ఒకే బావి, నోటి మాట లేదు. మధ్యలో మామే మా తపాలా ఆఫీసు. "మామా, ఉప్పు అయిపోయిందని చెప్పున్రి" అని నేను, "ఉట్టి మీద ఉన్నదని చెప్పు మామా" అని ఆమె. ఆయన ఆయాసపడుతూ, "నా పానం పోయినంక ఎట్ల మాట్లాడుకుంటరే మీరు?" అనేవాడు. నెల తిరక్కుండా ఆమె మా పెరట్లోనే ఇంకో చాప పరిచింది. పాలు పోసే ఆమె, చెరకు కొట్టడానికి వచ్చిన ఇద్దరు, మిర్చి దంచే ఆమె వచ్చి కూర్చునేవారు. ఒక్కరికీ చదువు లేదు. నేను నీళ్ల కోసం బావి దగ్గరికి పోతే అందరూ టక్కున ఆగి, నేను లోపలికి రాగానే పగలబడి నవ్వేవారు. మమ్మల్ని కాగితపోళ్లు అనేవారు. మేం వాళ్లను పెరటోళ్లు అనేవాళ్లం. మరాఠీ సేటు దుకాణంలో ఎర్ర ఉన్ని మొత్తం ఆమె కొనేస్తే, ఆమె అల్లినవి ఉతికితే రంగు పోతాయని నేను వాడంతా చెప్పాను. అది అబద్ధం. ఖాలా మాత్రం రెండు చాపల మీదా కూర్చునేది.

ఇక అసలు మాట. ఆ కాగితం చూసే నేను స్వెటరు మళ్లీ మొదలుపెట్టాను. అర జానెడు అల్లి, ఎందుకో దూరంగా గోడకు ఆనించి చూశాను. జాలీ గీత ఒకచోట తెగి ఉంది. మళ్లీ మళ్లీ అదే చోట తెగుతోంది. ఐదో వరుస. గడి నింపడంలో నేనే పొరబడ్డాను. కాగితమే తప్పయితే, కాగితంతో ఎన్నిసార్లు సరిచూసినా సరిగ్గానే ఉంటుంది కదా. నా నకళ్లు తీసుకున్న వాళ్లందరి అల్లికలోనూ అదే తప్పు, ఒక్కరి కంటికీ ఆనలేదు. నేను రబ్బరుతో ఆ గడి చెరిపి సరిచేశాను. మిగతావాళ్ల కాగితాలు కూడా, "గీతలు చెదిరినయ్, మంచిగ రాసిస్త" అని అడిగి తీసుకుని సరిచేసి ఇచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. పెరట్లోంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది.

మామ పోయాక మా బావగారూ ఆమే ఎడపల్లిలో ఆమె తండ్రి భూమి చూసుకోవడానికి వెళ్లిపోయారు. కొన్నేళ్లకు ఆమెకు కడుపులో గడ్డ అని తెలిసింది. నేను ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్లాను. మంచం మీద, ఎముకల గూడులా ఉంది. ఒళ్లో అల్లిక ఉంది. పదకొండేళ్ల తర్వాత నేనే ముందు మాట్లాడాను. "అక్కా, గా కాగితం తప్పుండె. నువ్వు చెప్పిందే నిజం. నన్ను మాఫ్ చెయ్యి" అని కాళ్లు పట్టుకున్నాను.

ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. "తప్పని నాకు గా దినమే ఎరుక. నువ్వు కాగితం ఉల్టా ఇచ్చినవని గూడ ఎరుకే, అందరు నవ్విననాడే తెలిసింది. నన్ను పదిమంది నడుమ నవ్వులపాలు జేసి, మాఫీ అడగనీకి ఒక్కదానివే వచ్చినవా?" అంది. "గా పదిమందిల చెప్పు. గప్పుడు సూద్దాం. చాయ్ తాగి పో." చాయ్ తాగాను. ఆమె మళ్లీ అల్లికలో పడింది. నేను లేచి వెళ్తుంటే తల ఎత్తలేదు.

ఎడపల్లి వెళ్లొచ్చిన మర్నాడే ఖాలా వరండాలో చెప్పాల్సింది. సిగ్గేసింది. వచ్చే వారం, పై వారం అనుకున్నాను. చెరకు ఆట మళ్లీ మొదలవకముందే ఆమె పోయింది. ఆ ఏడే ఖాలా కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. వరండాకు తాళం పడింది. మిగతా వాళ్లు ఒక్కొక్కరే ఊళ్లు మారారు, ఒక్కొక్కరే రాలిపోయారు. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఆమె పోయిన వయసుకు రెండింతలు కావస్తున్నాను, అయినా ఆమె ముందు ఇంకా చిన్నదాన్నే. కాగితంలో తప్పు నాదేనని, నేనే దాన్ని తలకిందులు చేసి ఇచ్చానని పదిమందిలో చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. తీరా చెబుతుంటే, ఆనాడు నవ్విన పదిమందిలో ఒక్కర్ని కూడా కాలం నాకు మిగల్చలేదు.