పదికి ఏడు

ఆ రోజుల్లో నాకు లోకంలో ఒకటే అంకె ఉండేది, పది. మిగిలిన అంకెలన్నీ నా ఉద్యోగం ఊడగొట్టడానికే పుట్టాయని నా గట్టి నమ్మకం. చదువుకునే వయసులో మార్కుల గురించి అంత బెంగ పెట్టుకుని ఉంటే మా నాన్న ఎంత సంతోషించేవారో! అప్పుడు లేని భయం, ఆటోమొబైల్ డిప్లొమా చేతపట్టుకుని తణుకు నుంచి హోసూరు వచ్చి, ఒక కార్ల షోరూములో సర్వీస్ అడ్వైజరుగా చేరాక పట్టుకుంది. అక్కడ మార్కులు వేసేది మాస్టార్లు కాదు, కార్లకు ఆయిల్ మార్పించుకోవడానికి వచ్చే జనం.

సంగతేమిటంటే, సర్వీసు అయి కారు ఇంటికి చేరాక హెడ్డాఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. "మా సర్వీసుకు పదికి ఎన్ని మార్కులు ఇస్తారండీ?" అని అడుగుతుంది. పది అంటే పదే. తొమ్మిది వస్తే మేనేజరు మూతి ముడుస్తారు. అంతకన్నా తగ్గిందా, సున్నా కింద లెక్క. (బళ్ళో ముప్ఫై అయిదుతో గట్టెక్కిన నాకు ఈ న్యాయం ఇప్పటికీ మింగుడుపడదు.) మా మేనేజరు కృష్ణగిరి తమిళాయన. మంచి మనిషే గానీ పొద్దున్న లేస్తే పది జపం. తమిళంలో పదిని పత్తు అంటారు కాబట్టి మేమంతా చాటుగా ఆయనకు పత్తు సార్ అని పేరు పెట్టుకున్నాం. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ నెల ఒక్క సున్నా పడినా ఇంటికి పంపించేస్తానని పత్తు సార్ మొహం మీదే చెప్పారు. ఇంటికి వెళితే అక్కడ మా బాబాయి కాచుకుని ఉన్నాడు. "ఆడపిల్లకి ఆ ఆయిల్ మరకల ఉద్యోగం ఎన్నాళ్ళే? చూస్తా ఉండండి, మామిడికాయలు దిగే నాటికి ఇదీ దిగిపోద్ది" అని నేను రైలెక్కుతుంటే ప్లాట్‌ఫారం మీద నిలబడి మరీ అన్నాడు. ఆ మాట నిజం కాకూడదు. నా పట్టుదలంతా అదే.

అందుకని తాళాలు చేతికిచ్చేటప్పుడు ప్రతి కస్టమరునీ, "సార్, ఫోన్ వస్తుంది, దయచేసి పది చెప్పండి" అని బతిమాలేదాన్ని. ఆయిల్ మార్చడం మెకానిక్కుల వంతు, గడ్డం పట్టుకోవడం మా వంతు. మొదట్లో సిగ్గేసేది. పోనుపోను ఎంత అలవాటైపోయిందంటే, మత్తిగిరిలో మా అద్దెగది ఓనరమ్మ కాఫీ ఇచ్చి "ఎట్లుండాదమ్మా?" అంటే "పదికి పది ఆంటీ" అనేదాన్ని. ఇంకొక ముచ్చట. తెలుగు కస్టమరు ఎవరొచ్చినా పత్తు సార్ నాకే అప్పగించేవారు. ఆయన దృష్టిలో నేను తెలుగు పండితురాలిని. నా దృష్టిలోనూ అంతే లెండి.

అలా నా పాలబడ్డవారే రాయకోట పెద్దాయన. టమోటా మండీ వ్యాపారి, వాళ్ళ తాతల తాతల నుంచీ అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, కారు తలుపు తీస్తే గుప్పుమని టమోటా వాసన. "ఏం పాపా, బండికి నూనె మార్చాల, యాడ ఇడిసేది?" అంటూ వచ్చారు. (నూనె అనగానే నాకు మా అమ్మ పెట్టే పెసరట్టు గుర్తొచ్చింది.) జాబ్ కార్డు ముందు పెడితే "సంతకం ఈడనా, ఆడనా?" అని రెండు చోట్లా పెట్టేశారు. కూర్చోమని సోఫా చూపిస్తే కూర్చుంటేనా! అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డారు. కారును లిఫ్టు మీద పైకెత్తగానే కంగారుపడి, "పాపా, మళ్ళా దింపుతారు కదా?" అన్నారు. ఇంజన్లోంచి నల్లగా కారుతున్న పాత ఆయిల్ చూసి, "అయ్యో, ఇంత నల్లగయిందే! నోరు లేందాన్ని ఎంత సతాయించినానో" అని నిజంగానే నొచ్చుకున్నారు.

ఆ పాత నూనె తనకు ఇప్పించమన్నారు. పశువుల కొట్టం గుంజలకు పూస్తే చెదలు పట్టవట. బయటికి ఇవ్వడం మా కంపెనీ ఒప్పుకోదండీ అన్నాను. "నా బండిలో నూనె నాకే ఈరా? ఇదేం న్యాయం పాపా?" అని కాస్త గొణిగారు గానీ, కడిగిన కారు తళతళలాడుతూ వచ్చేసరికి మొహం విప్పారింది. నేను నా పాట మొదలుపెట్టాను. "పదేంది పాపా, ఇరవై ఇస్తా. ఇంటి బిడ్డ మాదిరి చూసుకుంటివి" అని తల నిమిరి వెళ్ళారు. ఆ రాత్రి కమ్మగా నిద్రపోయాను.

తర్వాత ఒక పొద్దున్న, రోజూ జరిగే మీటింగులో పత్తు సార్ మొహం మాడ్చుకుని కూర్చున్నారు. "రాయకోట కస్టమర్. రికార్డింగ్ వచ్చింది. అందరూ వినండి" అని ఫోన్ బల్ల మీద పెట్టారు. వెనక మండీలో వేలంపాటల గోల, లారీ హారను. మధ్యలో హెడ్డాఫీసు అమ్మాయి తియ్యగా, "పదికి ఎన్ని మార్కులు ఇస్తారండీ?" అంది. పెద్దాయన గొంతు ఖంగుమంది. "మార్కులా? ఏడియ్యాలమ్మా!" ఆ అమ్మాయి, "ఏడాండీ?" అంది. "అదేనమ్మా నేననేది, ఏడా అని!" అన్నారు ఆయన. "ధన్యవాదాలండీ" అని ఫోన్ పెట్టేసింది.

గదిలో ఉన్నవాళ్ళంతా తమిళులు, కన్నడిగులు. పత్తు సార్ నా వైపు తిరిగి, "నువ్వే చెప్పమ్మా, ఏమంటున్నాడు?" అన్నారు. పండితురాలిని కదా, "ఏడు ఇవ్వాలి అంటున్నారు సార్. మళ్ళీ అడిగితే ఏడే అన్నారు" అని నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. "ఆ మార్కు పొరపాటున పడిందని కస్టమరే చెబితే సరే. లేదంటే నేనేం చెయ్యలేను" అన్నారాయన, ఈసారి మెల్లగానే. తెలుగులో ఏడు అంటే అంకె మాత్రమే కాదు, ఏడవమని కూడా. నేను వాటర్ వాష్ షెడ్డు వెనక్కి వెళ్ళి ఆ రెండో పని చేశాను. తల నిమిరి మరీ ఏడు వేస్తాడా మనిషి! కాసేపటికి దుఃఖం పోయి ఒళ్ళు మండింది. ఇంకాసేపటికి కారణం కూడా దొరికింది. నూనె! పాత నూనె ఇవ్వలేదని కడుపులో పెట్టుకుని కసి తీర్చుకున్నాడు.

ఆదివారం మత్తిగిరి బైకుల మెకానిక్కును బతిమాలి ఒక డబ్బాడు పాత ఆయిల్ సంపాదించి, సంచిలో పెట్టుకుని రాయకోట బస్సెక్కాను. మూత సరిగ్గా బిగించలేదని దారిలో తెలిసింది. మొదట నాకు, తర్వాత పక్కావిడకు, ఆఖర్న కండక్టరుకు. నా లేత పసుపు చుడీదారు మీద నల్లటి మరక మోకాలి దాకా పాకింది. (బాబాయి చూసి ఉంటే ఫొటో తీసి ఊరంతా పంచేవాడు.) కండక్టరు తమిళంలో తిట్టిన తిట్లు సగమే అర్థమయ్యాయి, ఆ సగమే చాలింది.

మండీలో టమోటా పెట్టెల మధ్య పెద్దాయన నన్ను చూసి పరుగున వచ్చారు. "పాపా! నువ్వేంది ఈడ? ఆ గుడ్డలకేమయింది?" నేను డబ్బా ఆయన ముందు పెట్టి, వస్తూ దారి పొడుగునా వల్లెవేసుకున్నదంతా ఒక్క ఊపిరిలో అనేశాను. "మీ నూనె తెచ్చానండీ. దీనికోసమే కదా నాకు ఏడు వేశారు? ఇరవై ఇస్తానన్నారు, ఇంటి బిడ్డ అన్నారు! మీ ఏడు వల్ల నా ఉద్యోగం పోతోందండీ!" ఆయన తెల్లబోయారు. "నేను ఏడేసినానా? ఎవరు చెప్పింది? నేను ఇంకా మార్కులే ఈలేదే!" అన్నారు. రికార్డింగు నా చెవులతో విన్నానన్నాను. "ఆ పాప ఫోన్ చేసింది నిజమే. ఎన్ని మార్కులు ఇస్తావని అడిగింది. ఇచ్చేదానికి నేను రెడీనే. యాడియ్యాలని అడిగినా. మీ ఆపీసుకు వచ్చి ఇయ్యాల్నా, బ్యాంకులోనా, యాడ? ఆ పాప కూడా యాడా అనింది. అదేనమ్మా నేననేది, యాడా అని, అన్నా. జవాబు చెప్పకనే పెట్టేసింది. అప్పట్నుంచి కాచుకోనుండా, యాడియ్యాలో ఎవురన్నా చెప్తారని!"

యాడియ్యాల. ఏడియ్యాల. ఆ అమ్మాయి అడిగింది అంకె కాబట్టి నాకు వినిపించిందీ అంకే. సంతకం పెట్టిన రోజు అదే మాట నా ఎదురుగానే అన్నారు కదా! నవ్వాలో ఏడవాలో తెలియక ఒక టమోటా పెట్టె మీద కూలబడ్డాను (పెట్టెలో కాయలున్నాయి, చుడీదారుకి రెండో రంగు కూడా వచ్చింది). పెద్దాయన సంగతి అర్థమయ్యాక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ వెంటనే నవ్వు ఆపి, "మా మాట నీ పొట్ట కొట్టేదా పాపా? కొట్టదు. రేపు వస్తా" అన్నారు. ఇంటికి తీసుకెళితే, వాళ్ళావిడ కట్టుకోమని తన చీర ఇచ్చి పంపింది.

అన్నట్టుగానే సోమవారం మీటింగులోకి తిన్నగా నడిచొచ్చారు. "సారూ, మార్కులు యాడియ్యాలో మీరన్నా చెప్పండి" అని మొదలుపెట్టి, సంగతంతా తమిళంలో చెప్పారు. పత్తు సార్ రికార్డింగు మళ్ళీ పెట్టారు. ఇప్పుడు అందరికీ 'యాడ' స్పష్టంగా వినిపించింది! పత్తు సార్ నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. హెడ్డాఫీసుకు చెబితే, ఆ కాల్ కొట్టేసి మళ్ళీ చేస్తామన్నారు. చేసింది అదే అమ్మాయి. "పదికి ఎన్ని మార్కులు ఇస్తారండీ?" అంది. పెద్దాయన ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఈసారి ఏ భాషవాళ్ళకీ అనుమానం మిగలకూడదని, "పది! పత్తు! హత్తు! టెన్!" అని వర్క్‌షాపు దద్దరిల్లేలా అరిచారు. అవతల ఆ అమ్మాయి భయం భయంగా, "నలభై ఇవ్వడానికి కుదరదండీ, పదే వేసుకుంటాను" అంది.

నా ఉద్యోగం నిలిచింది. బాబాయి మామిడికాయలు నేను లేకుండానే తిన్నాడు. పెద్దాయన మాత్రం ప్రతి సర్వీసుకూ వచ్చి, నన్ను చూడగానే "పాపా, యాడియ్యాల?" అనేవారు. ఇప్పుడాయన లేరు. కారు ఇంకా ఉంది, కొడుకు అందులోనే నన్ను చూసిపోవడానికి వస్తుంటాడు. తలుపు తీస్తే అదే వాసన.

నేను హోసూరులోనే ఉండిపోయాను. వేరే ఉద్యోగం, సొంత కారు. తణుకు వెళితే నా మాట విని "వచ్చినాను, పోయినాను ఏమిటే?" అని అందరూ ఆటపట్టిస్తారు. నేనేం మారలేదని వాళ్ళతో వాదిస్తాను. మొన్న కారుకి ఆయిల్ మార్పించిన మర్నాడు ఫోన్ వచ్చింది. వంటింట్లో కుక్కరు కూత, పక్కన మావాడి అల్లరి. "మా సర్వీసుకు మీరు మార్కులు ఇవ్వాలి మేడం" అంది ఒక చిన్న గొంతు. కుక్కరు గోలలో సగమే వినబడి, చటుక్కున అనేశాను. "యాడియ్యాలమ్మా?"

"ఏడా మేడం?" అంది ఆ పిల్ల. ఆ గొంతు వణికింది. ఆ వణుకు నాకు తెలుసు. నాలుక కరుచుకుని, స్టవ్ కట్టేసి, కళ్ళు తుడుచుకుని, నాలుగు భాషల్లోనూ గట్టిగా పది చెప్పాను.